పోనీ

దాన్ని డెడ్‌మాన్ పెడల్ అంటారు.
కాలు నొక్కి ఉంచినంతసేపే ట్రామ్ కదులుతుంది.
డ్రైవరు పోతే కాలు జారాలి, బండి తనంతట ఆగాలి.
మెల్‌బోర్న్‌లో, ప్రెస్టన్ డిపోలో
తొమ్మిదేళ్ళు ఆ పెడల్ మీదే బతికాను.
పదకొండు నెలలుగా పక్కమీద కూడా
నా కుడికాలు దుప్పటిని నొక్కుతూనే ఉంది.

గొడుగాయన ఎడమవైపు నుంచి వచ్చాడు.
గంట కొట్టాను. కాలు తీశాను. పట్టాల మీద ఇసుక రాలింది.
అన్ని టన్నుల ఇనుముకి నా తొందర ఏం తెలుస్తుంది?
విచారణలో తప్పు లేదని రాశారు.
ఆ కాగితం మడిచి బియ్యం డబ్బాలో పెట్టాను,
ఎందుకో అడక్కండి.

మూడు రకాల మాత్రలు అయ్యాయి.
నిద్ర వచ్చింది గానీ, నేను రాలేదు.

బ్రన్స్‌విక్‌లో, పళ్ళ డాక్టరు పైఅంతస్తులో ఒక గది.
మట్టికప్పులో ఒక గుళిక. పుట్టగొడుగుల్లో ఉండే మందేనట.
తొలకరికి పుట్టల మీద ఏరి కూర వండిన చేతులు
దాన్ని చూసి లోపల్లోపల నవ్వుకున్నాయి.
ఇటు మొయిరా, అటు థావ్. నా కళ్ళకు గంతలు.
"అడిగితే చెయ్యి పట్టుకుంటాం, బ్రామ్."
భ్రమరాంబ వాళ్ళ నోట్లో సగమే పడుతుంది.

మొయిరాది ఇరవై ఏళ్ళ యోగాభ్యాసం.
"ఈష్వారా ప్రానిదానా," అంది, "అప్పగించెయ్."
నాకు నిదానం అని వినబడింది.
కింద పెట్టడమని దాని అర్థమట.
ఎత్తుకున్నదేమిటో తెలిస్తే కదా, దించడానికి.

ముందు నేను అప్పగించలేదు.
గంతల వెనక చీకటి మెత్తబడి
సరిగ్గా తోడుకోని పెరుగులా తొణికింది.
పళ్ళు బిగించాను. పిడికిట్లో దుప్పటి.
ఎవరికి అప్పగించాలి? దేవుడికా?
ఆయనకు ట్రామ్ లైసెన్సు ఉందా?
కోతిపిల్ల తల్లిని కరుచుకుని వేలాడుతుంది,
పిల్లికూన మెడ తల్లినోట్లో పెట్టి ఊరుకుంటుంది,
ఎప్పుడో హరికథలో విన్నాను.
నేను కోతినే. కోతిగానే జీతం తీసుకున్నాను.
కాలు నొక్కుతూనే ఉంది, నొక్కుతూనే ఉంది,
పిక్క పట్టేసింది, నొప్పికి ఏడుపొచ్చింది,
ఆ ఏడుపులో ఎక్కడో కాలు జారింది.

బండి ఆగలేదు.

కాలు తీశాక కూడా ఆగలేదు.
ఎవరో నడుపుతున్నారు. వీపొక్కటే కనిపిస్తోంది,
ఖాకీ చొక్కా, దానిమీద చెమట మరక.
నా భుజానికి తోలుసంచి, చేతిలో టికెట్ల పెట్టె.
అరె, కాకినాడ డిపో! ఇరవై మూడేళ్ళ కండక్టరు భ్రమరాంబ,
సామర్లకోట, పెద్దాపురం, పెద్దాపురం!
ఆ రోజుల్లో స్టీరింగు నాది కాదు.
గుంటలు, గేదెలు, బ్రేకులు ఏవీ నావి కావు.
ఎక్కినవాళ్ళని లెక్కపెట్టి, తలుపు చరిచి,
"పోనీ!" అని కేకెయ్యడమే నా ఉద్యోగం.

గొడుగాయన ఎక్కాడు.
తడిగొడుగు మెట్టు మీద దులిపాడు.
"ఎక్కడికి?" తెలుగులోనే అడిగాను.
చెప్పలేదు. చిల్లర ఇచ్చాడు, లెక్క సరిపోయింది.
క్షమించాడని చెప్పను.
నా వైపు చూశాడని కూడా చెప్పను.
కిటికీ పక్కన కూర్చున్నాడు, అందరిలాగే.
నా చెయ్యి తలుపు మీదికి లేచింది.
మాట గొంతులో ఇరుక్కుంది, చాలాసేపు.
వాన. ఇంజను గురగుర.
డ్రైవరు వెనక్కి తిరగలేదు. తొందరపెట్టనూ లేదు.

"పోనీ," అన్నాను.

గట్టిగానే అన్నానట. థావ్ తన పుస్తకంలో రాసుకుంది.
సాయంత్రం టోస్టు తినిపిస్తూ అర్థం అడిగారు.
బండి కదలనివ్వు అని, అన్నాను.
సర్లే వదిలెయ్ అని కూడా.
రెండింటికీ ఒక్క మాటేనా, అంది మొయిరా.
మా డిపోలో ఒక్కటే, అన్నాను.

నాలుగో రోజు ఎనభై ఆరో నంబరు ఎక్కాను.
కార్డు తాకించి, వెనక సీట్లో, ముసలమ్మ సంచుల పక్కన.
ఆ స్టాపు వచ్చింది.
కుడికాలు మళ్ళీ నేలను నొక్కింది.

నొక్కనీ.